నడింటికి ఒప్పిన పొయ్యి

మా ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా మా అమ్మ మొదట అడిగే మాట ఒకటే. "ఇది మన నడింటికి ఒప్పుతాదా?" అది పనికొస్తుందా, ఎన్నాళ్లు మన్నుతుంది అన్నవి తర్వాతి సంగతులు. కెలమంగలంలో బస్సులు నిలిచే చోటికి కాస్త ఎడంగా, రేష్మె తోటల పక్కన, అంటే పట్టుపురుగులకు మేతేసే మల్బరీ తోటల పక్కన మా ఇల్లు. ముందు వసారా, మధ్యలో పెంకుల కప్పున్న పెద్ద గది, దాని వెనక బోదగడ్డి కప్పు వేసిన చిన్న గది, పక్కన వంటిల్లు. ఆ మధ్య గదినే నడిల్లు అనేవాళ్లం. అందులో నాలుగు రాతి కంబాలు. గోడలకు సున్నం, సున్నంలో చిటికెడు నీలిమందు, గోడ అడుగున మూరెడు ఎత్తున ఎర్రటి కావి పట్టీ. ఆ పట్టీ అంచు వంకర పోయిందంటే అమ్మకు అన్నం సహించేది కాదు. వచ్చింది చుట్టమైనా సరే, గోడకు ఆనుకుని కూర్చుంటే, "కొంచెం ముందరికి జరగప్పా, సున్నం అంటుకుంటాది" అనేది. సున్నం వాళ్ల చొక్కాకు అంటుతుందని కాదు, వాళ్ల తలనూనె గోడకు అంటుతుందని. అది అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనేవాళ్లు కారు.

ఇంత ముచ్చటగా పెట్టుకున్న గదిలో మేం పడుకునేవాళ్లమా అంటే అదీ లేదు. ఏడాదిలో సగం కాలం అది పట్టుపురుగులది. వెదురు చట్రాల్లో తట్టలు ఒకదానిపై ఒకటి పేర్చి, వాటిలో పురుగును పెంచేవాళ్లం. మనుషులం వసారాలోనూ వెనక గదిలోనూ సర్దుకునేవాళ్లం. పురుగున్న గదిలోకి కాళ్లు కడుక్కోకుండా పోకూడదు. తలకు నూనె పెట్టుకుని పోకూడదు. పోపు వాసన, పసుపు వాసన తగలకూడదు. ముట్టైనవాళ్లు గడప దాటకూడదు. బాలింతను, బిడ్డను తాకినవాళ్లయితే ఆ తట్టల నీడ కూడా తొక్కకూడదు. ఈ నియమాలు రాసిపెట్టినవాళ్లు ఎవరూ లేరు, కానీ మా నాయన వాటిని తన ప్రాణంలా పాటించేవాడు. నెలలో ఆ మూడు రోజులు చలికి వసారాలో ముడుచుకుని పడుకున్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయేది. పురుగుకేమో నీలం సున్నం గోడలు, మాకేమో గోనెపట్ట తెర. ఆ మాట ఒకసారి గట్టిగానే అన్నాను. "పురుగు తింటేనే మనం తినేది" అన్నాడు నాయన.

నేను చెప్పేది అరవైల మొదట్లో మాట. హోసూరు పక్క చలి గురించి తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. మార్గశిరం, పుష్యం వచ్చాయంటే తెల్లవారి చాలాసేపటిదాకా మంచు విడవదు. ఆ చలికి పురుగు మేత మానేస్తుంది. అంతకుముందు ఏడాది చలికాలం పంట అలాగే పోయింది. పురుగులు ఆకు మీద తల ఆనించి సన్నగా, సూదుల్లా అయిపోయి రాలాయి. నాయన తట్టలు ఎత్తి ఎరువు దిబ్బలో పోసి వచ్చాడు. అప్పుడే అనుకున్నాడు, వచ్చే చలికి నడింట్లో వేడి పెట్టాల్సిందేనని.

ఏ వేడి పెట్టాలన్న దగ్గర మొదలైంది తగువు. మొదట నాయన నాలుగు మూలలా నాలుగు కుంపట్లు పెడదామన్నాడు. అమ్మ ఆయన్ని చెయ్యి పట్టుకుని ఒక కంబం దగ్గరికి తీసుకుపోయి చూపించింది. పోయిన ఏడాది పెట్టిన ఒకే ఒక కుంపటికి ఆ కంబం నల్లబడిన చోటది. "ఇది తోమేదానికి నా గోళ్లు అరిగిపోయినాయి. నాలుగు పెడితే నన్నే తోమి పెట్టాల్ల" అంది. పైగా తలుపులు మూసి బొగ్గు పెడితే లోపలికి పోయినవాళ్లకు తల తిరిగేది. పురుగుకూ అంతే కదా అని నాయన ఆ ఆలోచన మానుకున్నాడు. తర్వాత హోసూరులో ఎవరో ఆఫీసరు బంగళాలో కిరసనాయిలు హీటరు చూసొచ్చి, దాని గొప్పలు చెప్పాడు. ఎర్రగా వెలుగుతుందట, పొగే ఉండదట. అమ్మ విని విని, "వాసనో?" అంది. పురుగుకు వాసన పడదు కదా, హీటరు మాట అక్కడితో ఆగింది. కరెంటు ఇంకా మా వీధికే రాలేదు కాబట్టి దాని మాట ఎత్తే పనే లేదు.

రాయకోటలో నాయనకు తెలిసిన రైతు ఒకాయన డ్రమ్ము పొయ్యి పెట్టుకున్నాడని తెలిసి ముగ్గురం చూడ్డానికి పోయాం. తారు డ్రమ్మును నిలువుగా నిలబెట్టి, కింద కట్టెలు వేసేందుకు నోరు కోసి, పైనుంచి రేకు గొట్టాన్ని గోడ పగలగొట్టి బయటికి తీశారు. పొగంతా బయటికి పోతోంది, వేడంతా గదిలో ఉంది. నాయన మొహం వెలిగిపోయింది. అమ్మ ఆ డ్రమ్మునూ, గోడకు పడ్డ బొక్కనూ, బొక్క చుట్టూ పాకిన మసినీ చూసింది. ఆ ఇంటివాళ్ల ముందు ఏమీ అనలేదు. బయటికొచ్చాక, "దయ్యం కాళ్లు చాపుకొని కూర్చున్నట్ల ఉండాది. దాన్ని నడింట్లో పెడితే నేను మా పుట్టింటికి పోతా" అంది.

"దాని పని వేడి ఇచ్చేది, మొగం చూపించేది కాదు" అన్నాడు నాయన.

"మొగం చూసుకుంటా బతికేది నేను గదా."

ఆ తర్వాత రెండు వారాలు ఆ ఇంట్లో ఇద్దరూ నా ద్వారానే మాట్లాడుకున్నారు. ఒకళ్లు వంటింట్లో, ఒకళ్లు వసారాలో. "మీ అమ్మతో చెప్పు", "మీ నాయనతో చెప్పు". మధ్యలో తిరిగి తిరిగి నాకు విసుగొచ్చి, కృష్ణగిరిలో రేకు పని చేసే ఆయన్ని అడిగి చూడమని నేనే అన్నాను. మా నీళ్ల తొట్లు, దీపాల బుడ్లు ఆయన దగ్గర చేయించినవే.

కృష్ణగిరిలో మా అంత చలి ఉండదు. కొండ రాళ్లు వేడెక్కి చలికాలంలోనూ మధ్యాహ్నం ఉక్కపోసేది. చొక్కా లేకుండా కూర్చుని రేకు కొడుతున్న ఆయన, మేం అడిగింది విని సుత్తి కింద పెట్టేశాడు. "మేం ఈడ వేడికి సస్తా ఉండాము. మీకు వేడి కావల్నా? ఈ అంగట్లో ఉండేదంతా మూట కట్టుకొని పోండప్పా" అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. తర్వాత ఆయన నింపాదిగా రెండు రకాలు చెప్పాడు. ఒకటి చిన్నది. అటూ ఇటూ ఇనప కడియాలు ఉంటాయి. ఇద్దరు పట్టుకుని ఏ గదిలోకైనా మోసుకుపోవచ్చు. గొట్టం తిన్నగా ఉంటుంది, ఏ కిటికీలోంచైనా బయటికి పెట్టొచ్చు. చూడ్డానికి మాత్రం అంత బాగుండదు. రెండోది ఉన్న చోటే కట్టేది. నడుము దాకా మట్టితో, సున్నంతో గద్దె కట్టి అందులో పొయ్యిని దించేస్తారు. గొట్టాన్ని కొలతకు వంచి రివిట్లు కొట్టి, గోడ పైన ఉండే గవాక్షిలోంచి బయటికి తీస్తారు. గోడ పగలగొట్టే పని లేదు. గొట్టం కంబం చాటున పోతుంది, వాకిట్లోంచి చూసేవాళ్లకు కనబడదు.

అమ్మ కళ్లు ఆ రెండోదాని మీదే నిలిచాయి. "గద్దెకు కావి పట్టీ వేసుకోవచ్చు గదా?"

"వేసుకో తల్లీ. పూలు గీసుకో, నాకేమి. కానీ ఒగ మాట. అది కట్టినాక ఇంగ కదలదు."

"కదిలేదానికి అదేమన్నా మేకనా?" అంది అమ్మ.

నాయన చిన్నది తీసుకుందామనే అన్నాడు. ఒకసారి అన్నాడు, రెండోసారి అనలేదు. రెండు వారాల మౌనం ఆయనకూ చాలనిపించి ఉంటుంది. నాకూ ఆ రెండోదే నచ్చింది, అబద్ధం ఎందుకు. నడిల్లు పాడవకూడదని నాకూ ఉండేది.

ఆయన వచ్చి కట్టి పోయాడు. రెండు కంబాల మధ్య, గోడ ముందు, గుండ్రటి అంచులతో గద్దె. గద్దె పైకి కాస్త మాత్రమే కనిపించే పొయ్యి. అమ్మ అక్కడితో ఊరుకోలేదు. కనిపించే ఆ కాస్త రేకు కూడా గోడ పట్టీకి కలవాలని అంగట్లో ఎర్ర పెయింటు కొనుక్కొచ్చి పూసింది. పురుగు ఇంకా ఇంటికి రాకముందే సరిచూద్దామని నాయన మంట వేశాడు కాబట్టి సరిపోయింది. పెయింటు బొబ్బలెక్కి, ఇల్లంతా ఒకటే కమురు. మేం దగ్గుకుంటూ వసారాలోకి పరిగెత్తాం. నాయన ఇసుక తెచ్చి సాయంత్రం దాకా ఆ రేకును తోమాడు. మర్నాడు అమ్మ ఉత్త కావిమట్టి నీళ్లలో కలిపి పూసింది. అది నిలిచింది. నిజం చెప్పాలంటే అంత అందమైన పొయ్యిని నేను ఇప్పటిదాకా చూడలేదు. ఊళ్లో ఒక ముసలావిడ పలకరింపుకు వచ్చి, చెప్పులు విడిచి, దేవుడి గద్దె అనుకుని దానికి దండం పెట్టుకుంది. "ఏ దేవుడమ్మా?" అని అడిగింది. అమ్మ ఏ దేవుడి పేరు చెప్పాలో తెలియక, "మా ఇంటి దేవుడు" అంది. ఆ నెలంతా మేం ఆ మాట తలుచుకుని నవ్వుకున్నాం.

పురుగు వచ్చింది. పొయ్యి వెలిగింది. నడిల్లు వెచ్చబడింది. బయట మంచు కమ్ముకుని ఉంటే లోపల పురుగు ఆకు కొరికే చప్పుడు వాన చినుకుల్లా వినిపించేది. నాయన వేకువనే లేచి కట్టెలు పెట్టి, అరచేత్తో తట్టల మధ్య గాలిని పట్టి చూసి, తృప్తిగా బీడీ కోసం వసారాలోకి వచ్చేవాడు. లోపల బీడీ కాల్చే ధైర్యం ఆయనకూ లేదు.

అప్పుడు వచ్చింది మా అక్క, పురిటికి. అక్కను బేరిగైలో ఇచ్చాం. తొమ్మిదో నెలలో వస్తుందనుకుంటే, కాళ్లు వాస్తున్నాయని అత్తవాళ్లు ముందే తెచ్చి దింపారు. వెనక గదిలో మంచం వేశాం. వచ్చిన వారానికే నొప్పులు వచ్చాయి. నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టింది. నా అరచేతి నుంచి మోచేతి దాకా ఉంటుందేమో, అంతే. ఏడుపు పిల్లికూనలా సన్నగా ఉంది. మంత్రసాని పిల్లను కడగడానికి కూడా భయపడి గుడ్డతో తుడిచి చుట్టింది.

అలవాటు ప్రకారం మంచం కింద కుంపటి పెట్టాం. బాలింతకు అందరూ చేసేదే. కానీ వెనక గది చిన్నది. చలికి కిటికీ మూశాం. ఒక పూట గడిచేసరికి అక్క తల బద్దలవుతోందంది. పిల్ల పెదవులు నల్లబడ్డాయి. ఊళ్లో ఉన్న కాంపౌండరుని పిలుచుకొచ్చాం. ఆయన ముందు కుంపటి బయట పెట్టించి కిటికీ తెరిచాడు. కాసేపటికి పిల్ల రంగు తిరిగింది, కానీ కాళ్లు, చేతులు మంచులా అయిపోయాయి. "ఈ బిడ్డకు కావల్సింది రెండే. వేడి, పాలు. వేడి అంటే పొగ లేని వేడి. బొగ్గు పెట్టి గది మూస్తే తల్లీబిడ్డా ఇద్దరూ పోతారు" అన్నాడు. హోసూరు ఆసుపత్రికి తీసుకుపోదామా అని నాయన అడిగాడు. ఈ మంచులో బస్సులో అంతదూరం పోతే దారిలోనే అయిపోతుందని ఆయన చెప్పాడు. వంటిల్లంటే పొగ గూడు. అక్కడికి మార్చినా లాభం లేదు.

పొగ లేని వేడి మా ఇంట్లో ఉంది. అది ఒక్క గోడ అవతల ఉంది. ఆ గోడకు చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలేది కూడా.

నాయన దొడ్లోకి పోయి గడ్డపార తెచ్చాడు. పొయ్యిని పెళ్లగించి వెనక గదికి మార్చాలని. నడింట్లోకి పోయి గద్దె ముందు నిలబడ్డాడు. అమ్మ గడప బయట నిలబడింది. బిడ్డను తాకి వచ్చింది కాబట్టి లోపలికి రాలేదు. "పగలగొట్టు. నాకేమీ బాధ లేదు, పగలగొట్టు" అంది. నాయన గొట్టాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. ఎక్కడికక్కడ రివిట్లు. గవాక్షి ఎత్తుకు కొలిచి వంచిన గొట్టం అది. వెనక గదిలో కిటికీ నడుమెత్తున ఉంది, పైన నిప్పంటుకునే బోదకప్పు. రేకంతా మట్టిలో కూరుకుని ఉంది.

"పెరికితే ఇది ఈడా ఉండదు, ఆడా పనికిరాదు" అన్నాడు. గడ్డపార గోడకు ఆనించాడు. అమ్మ అక్కడే గడప మీద కూలబడిపోయింది. "కడియాలుండేది తీసుకోమని నువ్వు చెప్తివి. నేనే వినకపోతి" అంది.

తర్వాత అమ్మ లేచింది. "అయితే బిడ్డను ఈడికే తెస్తా" అంది.

ఆ మాట విని నేను భయపడిపోయాను. పురుడు నడింట్లోకి. పురుగున్న గదిలోకి. మా ఇంట్లోనే కాదు, ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ అటువంటిది విని ఉండం.

నాయన తట్టల కేసి చూసి, "పురుగు జ్వరంలో ఉండాది మే" అన్నాడు.

ఇది తెలియనివాళ్లకు చెప్పాలి. పురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు పాత తోలు వదులుతుంది. అప్పుడు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మా పక్క జ్వరం అంటారు. ఆ సమయంలో తట్టను కదపకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, కొత్తవాళ్లు లోపలికి రాకూడదు. నడింట్లో ఆ రోజు పురుగంతా మూడో జ్వరంలో ఉంది.

"నీ పురుగుకు జ్వరం," అంది అమ్మ, "నా బిడ్డ కూతురికి జ్వరమన్నా వస్తే మేలనిపిస్తా ఉండాది. ఒళ్లే వెచ్చబడలే. నువ్వే పోయి బిడ్డను చూడు పో."

నాయన పోయి చూశాడు. వెనక గది గడప దగ్గరే నిలబడి, మంచం మీదికి తొంగి చూశాడు. అక్క పిల్లను రవికెలో పెట్టుకుని, పైన రెండు కంబళ్లు కప్పుకుని, అయినా వణుకుతోంది. ఆయన్ని చూసి, "నాయనా, దీని కాళ్లు పట్టి చూడు" అంది. ఆయన లోపలికి పోయి పట్టుకున్నాడు. ఆ పాదాలు ఆయన బొటనవేలంత ఉన్నాయి. ఎంతసేపు పట్టుకుని కూర్చున్నాడో నాకు గుర్తు లేదు. బయటికి వచ్చి, బావి దగ్గర మైల పోయేలా నెత్తి మీద చన్నీళ్లు పోసుకుని, తడి పంచెతో నేరుగా నడింట్లోకి పోయాడు. పోయి, మొదటి తట్ట ఎత్తాడు.

నాకు ముందు అర్థం కాలేదు. ఆయన ఆ తట్టను రెండు చేతుల మీదా పెట్టుకుని, కుదుపు లేకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వసారా దాటి, దొడ్లో ఆకు పోసే గుడిసెలోకి తీసుకుపోయాడు. మళ్లీ వచ్చాడు. రెండో తట్ట ఎత్తాడు. జ్వరంలో ఉన్న పురుగును, మంచులోకి. ఏది చెయ్యకూడదని మాకు పుట్టినప్పటినుంచీ నేర్పాడో అది ఆయనే చేస్తున్నాడు. నేను సాయం చెయ్యబోతే వద్దన్నాడు. "నువ్వు బిడ్డను తాకినావు. పురుగు లేని ఇంట్లోకి పురుడు రావచ్చు. పురుగున్న చోటికి రాకూడదు. అంతే గదా" అన్నాడు. ఆ నియమాన్ని ఆయన తప్పలేదు. పంటను వదులుకున్నాడు గానీ దాన్ని తప్పలేదు. దానికి ఆయన్ని మెచ్చుకోవాలో తిట్టాలో నాకు ఈ వయసులోనూ తెలియడం లేదు. ఆ రోజు మాత్రం ఆయన కాళ్ల మీద పడి ఏడవాలనిపించింది.

ఆఖరి తట్ట పోయాక చట్రాలు ఊడదీసి వసారాలో పడేశాం. అక్కను, పిల్లను నడింట్లోకి తెచ్చాం. గద్దె పక్కన చాప, చాప మీద పరుపు. పిల్లకు ఒక ఖాళీ తట్టలో పాత చీరలు నాలుగు మడతలు వేసి పడక చేశాం. అమ్మ గోడ పట్టీ వైపు చూడనైనా లేదు. అక్క గోడకు వీపు ఆనించి కూర్చుంటే, వీపు వెనక పెట్టుకోమని దిండు కూడా ఇచ్చింది.

ఆ వేడికి పిల్ల తేరుకుంది. పాదాలు ఎర్రబడ్డాయి. దూదితో పాలు పిండితే నాలుక చప్పరించేది. ఒకరోజు కళ్లు తెరిచి, పొయ్యి నోట్లో మంట వెలుగు కేసి చాలాసేపు చూసింది. మా ఇంట్లో అంత సంతోషం నేను మళ్లీ ఎరగను. నాయన తెల్లారీ తెల్లారకముందే కట్టెలతో వచ్చేవాడు. పొయ్యి ఎగదోసి, గాలిని అరచేత్తో పట్టి చూసి, "చాల్నామ్మా?" అని అక్కను అడిగేవాడు. గుడిసెలో పురుగు సంగతి ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. సగం పురుగు ఆ జ్వరంలోంచి లేవనే లేదు. మిగిలినవి లేచినా ఆకు ముట్టలేదు. ఆయన ఎరువు దిబ్బకూ గుడిసెకూ మధ్య తిరగడం మాకు కనిపిస్తూనే ఉంది.

ఊరు ఊరుకుంటుందా. పురుగును బయట పారేసి పురుడును నడింట్లో కూర్చోబెట్టారని బావుల దగ్గర ఒకటే చెప్పుకోవడం. పురుగు ఉసురు ఊరికే పోదని మా మొహానే అన్నారు కొందరు. నీళ్లకు పోయినప్పుడు ఆ మాట అన్నావిడ బిందెను నేను బావిగట్టు మీదినుంచి తోసేశాను. అది సొట్టపడిందని ఆవిడ మా ఇంటి మీదికి వచ్చి రభస చేసింది. అమ్మ ఆవిడకు బదులు చెప్పలేదు, నన్ను కసరనూ లేదు. ఆ బిందె సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ కాస్త ఊరటగానే ఉంటుంది.

ఒక మధ్యాహ్నం నేను వేడినీళ్ల చెంబుతో లోపలికి పోయేసరికి అక్క పిల్లను ఒళ్లో పెట్టుకుని ఊపుతోంది. "తాగడంలే, నిద్రపోయింది. బాగా నిద్రపోయింది" అంది. నేను వంగి చూశాను. నాకు ఏదో తేడాగా అనిపించింది, అమ్మను కేకేశాను. అమ్మ వచ్చి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఛాతీ మీద చెవి పెట్టింది. అలాగే వంగి ఉండిపోయింది, తల ఎత్తలేదు.

"ఏమ్మా?" అంది అక్క.

కాంపౌండరుని పిలిపించాం. ఆయన చూసి, పిల్ల ప్రాణం పోయిందని చెప్పాడు. అక్క ఆయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "నీకేమి తెలుసప్పా. పట్టి చూడు, కాళ్లు పట్టి చూడు. వెచ్చగా ఉండాది" అంది. నేను పట్టి చూశాను. నిజంగానే వెచ్చగా ఉంది. పొయ్యికి మూరెడు దూరంలో, ఆ గదిలో, వెచ్చగా కాక ఇంకెలా ఉంటుంది. పుట్టిన రోజున ప్రాణంతో ఉండి మంచులా ఉన్న పాదాలు, ఆ రోజు ప్రాణం లేకుండా వెచ్చగా ఉన్నాయి. చల్లగా ఉంటే పోతుందనీ, వెచ్చగా ఉంటే బతుకుతుందనీ అన్నాళ్లూ అక్కకు చెబుతూ వచ్చింది మేమే. ఇప్పుడు ఏమని చెప్పాలి.

ఎంత బతిమాలినా పిల్లను వదల్లేదు. బేరిగైకి కబురు పోయింది. ఊళ్లో పెద్దవాళ్లు వచ్చి వసారాలో నిలబడ్డారు. ఎవరైనా దగ్గరికి పోతే అక్క పైట పిల్లకు అడ్డం పెట్టుకునేది. "నిద్రపోతా ఉంటే ఎత్తుకపోతారా మీరు" అనేది.

అంతలో నాయన చేతుల నిండా కట్టెలతో గడపలోకి వచ్చాడు. దొడ్డివైపు నుంచి వచ్చాడు, ఆయనకు అప్పటికి తెలుసు. తెలిసీ కట్టెలు ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియాలి.

"నాయనా, కట్టె వెయ్యి. మంట తగ్గింది, బిడ్డకు సలి" అంది అక్క.

ఆయన అమ్మను చూశాడు. అమ్మ ఆయన్ని చూసి తల అడ్డంగా ఊపింది. నాయన ఆ కట్టెలను నేలమీద పెట్టి, పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. పట్టకారుతో లోపల మండుతున్న కొరివిని బయటికి లాగాడు. దాన్ని పట్టుకుని వాకిట్లోకి పోయి నీళ్లు పోశాడు. మళ్లీ వచ్చి ఇంకొకటి లాగాడు. అక్కకు అప్పుడు తెలిసింది ఆయనేం చేస్తున్నాడో. "వద్దు నాయనా, బిడ్డను సంపొద్దు" అని అరిచింది. అక్క అలా అరవగా నేను విన్నది అదొక్కసారే. ఆయన చేతులు ఆగలేదు. గడ్డం మీదుగా కన్నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోకుండానే నిప్పులన్నీ తీసి, బూడిద మీద చెంబెడు నీళ్లు చల్లాడు. అమ్మ లేచి, అన్నాళ్లూ బిగించి ఉంచిన తలుపులూ కిటికీలూ ఒక్కొక్కటే తెరిచింది. చలిగాలి లోపలికి వచ్చింది.

అక్క మమ్మల్ని తిట్టింది. నన్నూ, అమ్మనూ, నాయననూ. పగవాళ్లన్నా ఇంత పని చెయ్యరంది. కంబళి పిల్ల మీదికి లాక్కుంది, గుండెకు అదుముకుంది, నోటితో ఊది పాదాలను వెచ్చబెట్టింది. పొద్దు వాలేదాకా నలుగురం ఆ చల్లారిన పొయ్యి చుట్టూ అలాగే కూర్చున్నాం. అక్క ఊదడం కాసేపటికి తగ్గింది. తర్వాత మానేసింది. పిల్ల పాదం బుగ్గకు ఆనించుకుని చాలాసేపు ఉండిపోయింది.

"సల్లగయిపాయ నాయనా" అంది చివరికి. "తీసుకో."

నాయన తన భుజం మీది కంబళి తీసి పరిచి, పిల్లను అందుకుని అందులో చుట్టాడు. మొహం కప్పడానికి ఆయనకు చెయ్యి రాలేదు. అమ్మ వచ్చి కప్పింది.